నికోటిన్ గమ్: నమిలెయ్యడం కాదు, బుగ్గన పెట్టుకోవాలి (14 నెలల తర్వాత రాస్తున్న రివ్యూ)

నేను సిగరెట్ మానేసి ఈ నెలతో 14 నెలలు. అంతకుముందు 18 ఏళ్ళు కాల్చాను, చివరి నాలుగైదేళ్ళలో రోజుకు 12కి తగ్గింది లేదు. మానేసిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, సిగరెట్‌లోని నికోటిన్‌నే కొద్దికొద్దిగా ఇచ్చి మానడానికి సాయపడే ఆ గమ్ నిజంగా పని చేస్తుందా, మేమూ కొన్నాం, నాలుగు నమిలి అవతల పారేశాం అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకసారి వివరంగా రాసి పెడదామని కూర్చున్నా. ముందే చెప్పేస్తున్నా, గమ్‌కి నేనిచ్చే మార్కులు 5కి 4. మొదటిసారి వాడినప్పుడు అడిగి ఉంటే ఒక్క మార్కు కూడా ఇచ్చేవాణ్ణి కాదు. గమ్ అదే, మనిషీ నేనే, తేడా అంతా వాడిన పద్ధతిలోనే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను రెండు మూడు కంపెనీలవి వాడాను, లోపల ఉండే మందు ఒకటే, రుచిలోనే కాస్త అటూ ఇటూ.

మొదటిసారి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. మూడేళ్ళ కిందట ఒక మందుల షాపులో అడిగితే 2 మిల్లీగ్రాముల స్ట్రిప్పు తీసి చేతిలో పెట్టారు. ఎలా వాడాలో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు, లోపలి కాగితం విప్పి చూడలేదు కూడా. ఆఫీసు కింద టీ బండి దగ్గర నిలబడి, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, చిన్నప్పుడు బబుల్‌గమ్ నమిలినట్టు దాన్ని గబగబా నమిలేశాను. రెండు నిమిషాలకే గొంతులో మిరపకాయ రాసినట్టు మంట. పైకెళ్ళి మీటింగ్‌లో కూర్చుంటే ఎక్కిళ్ళు మొదలయ్యాయి, ఆగితే కదా. కడుపులో తిప్పడం వేరే. ఇంతా చేసి సిగరెట్ మీదికి మనసు లాగడం ఒక్క పిసరు తగ్గలేదు. నాలుగు రోజులు అలాగే ఏడ్చి, ఐదో రోజు పొద్దున మళ్ళీ ప్యాకెట్ కొనుక్కున్నా. ఈ గమ్ములన్నీ ఉత్త మోసం అని ఆ తర్వాత రెండేళ్ళు కనబడిన ప్రతివాడికీ చెప్పాను. ఆ మాట విని ఎవరైనా మానే ప్రయత్నం వదులుకుని ఉంటే అది నా తప్పే, ఈ రివ్యూ రాయడానికి అదీ ఒక కారణం.

జరిగిందేమిటంటే, ఈ గమ్‌లో ఉండే నికోటిన్ మింగడానికి కాదు. బుగ్గ లోపలి పొర గుండా నెమ్మదిగా రక్తంలోకి ఇంకాలి. గబగబా నమిలితే అదంతా ఒక్కసారిగా ఊడి ఉమ్మిలో కలిసి గొంతు దిగిపోతుంది. మింగిన నికోటిన్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ మధ్యలోనే విరగ్గొట్టేస్తుంది, కాబట్టి మెదడుకు చేరాల్సింది చేరదు, ఎక్కిళ్ళూ గొంతు మంటా వికారమూ మాత్రం మిగులుతాయి. పైగా నోట్లో ఆమ్లం ఉంటే బుగ్గ నికోటిన్‌ని సరిగ్గా తీసుకోలేదు. కాఫీ, కూల్‌డ్రింకు, నిమ్మరసం, పళ్ళ రసాలు, ఇవన్నీ గమ్ పనిని చెడగొట్టేవే. అందుకే గమ్ పెట్టుకునే 15 నిమిషాల ముందు నుంచీ, అది నోట్లో ఉన్నంతసేపూ ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. నేను చేసిందల్లా సరిగ్గా దానికి తలకిందులు.

ఆ వికారం నాకు కొత్తదేం కాదని తర్వాత గుర్తొచ్చింది. మాది ప్రకాశం జిల్లా, కొండపి వైపు పల్లె. ఇంట్లో పొగాకే పంట, నా కాలేజీ ఫీజులన్నీ బ్యారన్‌లో (పొగాకుని వేడితో ఆరబెట్టే గది) కాలిన ఆకు డబ్బులే. పొద్దున్నే మంచులో తడిసిన పచ్చాకు కోసి మోసుకొచ్చిన రోజుల్లో అమ్మకి మధ్యాహ్నానికి తల తిరిగేది, అన్నం సహించేది కాదు, ఒక్కోసారి వాంతి కూడా. ఎండ దెబ్బ అనుకునేవాళ్ళం. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగితే అలాగే అవుతుంది, పొగాకు పండించే చాలా దేశాల్లో ఆ జబ్బు ఉంది. సెలవల్లో మేమూ కర్రలకు ఆకు కట్టేవాళ్ళం, సాయంత్రానికి అరచేతులు నల్లటి జిగురు పట్టి, సబ్బుతో ఎంత రుద్దినా వదలక, అన్నం ముద్ద కూడా చేదుగా తగిలేది. సిగరెట్ ముట్టించక ముందే ఆ చేదు నా చేతికి తెలుసు. అదే పదార్థం గమ్‌లోనూ ఉందని, దాన్ని ఎంత మోతాదులో ఏ దారిన ఒంట్లోకి పంపుతున్నామన్నదే అసలు విషయమని అర్థమయ్యాక గమ్ మీద కోపం పోయింది.

రెండోసారి మొదలైంది ఒక ఫోన్‌తో. సిగరెట్ ప్యాకెట్ మీద బొమ్మ కింద ఒక నంబరు ఉంటుంది, 1800-11-2356. 2018 నుంచి ప్రతి ప్యాకెట్ మీదా అచ్చేస్తున్నారు, అంటే అప్పటినుంచీ రోజూ ఆ నంబరు నా జేబులోనే ఉంది. ఒక్కసారి చేసిన పాపాన పోలేదు. మా పాప ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి, నేను హెల్మెట్ తీస్తుంటే "నాన్నా, నువ్వు రాకముందే నీ వాసన వస్తుంది" అంది. తిట్టలేదు, ఏడవలేదు, మామూలుగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేను మెట్ల మీద కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేశా. ఇది ప్రభుత్వం నడిపే క్విట్‌లైన్, అంటే పొగాకు మానాలనుకునేవాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే లైన్, పైసా ఖర్చు లేదు. 2016లో ఢిల్లీలోని వల్లభాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది, తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట్లకి కూడా విస్తరించారు. తెలుగులో మాట్లాడతారు. నేను హిందీలో మొదలుపెట్టబోతే అవతల మేడమ్ "తెలుగులోనే చెప్పండి, ఫర్వాలేదు" అన్నారు, సగం టెన్షన్ అక్కడే దిగిపోయింది.

నాకు క్లాసు పీకుతారనుకున్నా. క్యాన్సర్, గుండె, కుటుంబం అంటూ అన్నీ ఏకరువు పెడతారనుకున్నా. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వేరు. "పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారండీ?"

"పది నిమిషాలు కూడా పట్టదు మేడమ్."

"అంటే కళ్ళు తెరవగానే ఒళ్ళు అడుగుతోందన్నమాట. మరి జ్వరం వచ్చి పడుకున్నా కాలుస్తారా?"

కాలుస్తానని చెప్పడానికి కొంచెం టైం పట్టింది. గమ్ వాడి వదిలేశానని చెబితే ఎన్ని మిల్లీగ్రాములది, ఎలా నమిలారు, దాంతో పాటు ఏం తాగారు అని వరసగా అడిగి, తప్పు ఎక్కడ జరిగిందో రెండు నిమిషాల్లో చెప్పారు. లేచిన అరగంటలోపే సిగరెట్ కావాల్సినవాళ్ళకి 2 మిల్లీగ్రాములు చాలకపోవచ్చట, 4 గురించి డాక్టర్ని అడగమన్నారు. 2 మిల్లీగ్రాములది మన దగ్గర చీటీ లేకుండా ఇస్తారు, 4కి డాక్టర్ చీటీ కావాలి. ఇంకో పని అప్పజెప్పారు. మూడు రోజులు ఏమీ మానొద్దు, కాల్చిన ప్రతి సిగరెట్టూ ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో, ఎందుకు అన్నది రాయమన్నారు. పాప పాత నోట్‌బుక్కులోంచి నాలుగు కాగితాలు చింపి జేబులో పెట్టుకున్నా. మూడో రోజు రాత్రి చూసుకుంటే 37 గీతలు. మళ్ళీ మాట్లాడినప్పుడు అవన్నీ చదివి వినిపించా. ఆవిడ విని, "ఇందులో మీ ఒంటికి కావాల్సినవి రోజుకు నాలుగో ఐదో, మిగతావి మీ చేతికి కావాల్సినవి. ఒంటికి గమ్ ఉంది, చేతికి ఏం ఇస్తారో మీరే ఆలోచించుకోవాలి" అన్నారు. ఈ ఒక్క మాట నాకు గమ్ కంటే ఎక్కువ పని చేసింది. డేట్ అనుకున్నాక వాళ్ళే మధ్యమధ్యలో ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు, ఎవరో మన గురించి పట్టించుకుంటున్నారన్నది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

శనివారం మానాలని పెట్టుకున్నా, రెండు రోజులు ఆఫీసు ఉండదని. శుక్రవారం రాత్రి ఇంట్లో ఉన్న మూడు లైటర్లు, బైక్ డిక్కీలో దాచిన సగం ప్యాకెట్ తీసి మా ఆవిడ చేతికిచ్చా. హెల్మెట్ లోపలి గుడ్డ ఉతికా.

ఇప్పుడు గమ్ ఎలా పెట్టుకోవాలో చెబుతా, ఈ రివ్యూలో దేన్ని వదిలేసినా దీన్ని వదలొద్దు. రేకు చించి గమ్ నోట్లో వేసుకోగానే మామూలు మింట్ గమ్ కంటే గట్టిగా, కాస్త పిండి పిండిగా ఉంటుంది. మెల్లగా నమలాలి, ఒక్కో కొరుకుకీ మధ్య ఒక క్షణం ఆగుతూ. పది పదిహేను సార్లు అయ్యాక నాలుక పక్కన మిరియం కొరికినట్టు చిన్న ఘాటు, చుర్రుమనడం మొదలవుతుంది. అదే గుర్తు. అక్కడ నమలడం ఆపెయ్యాలి. నాలుకతో గమ్‌ని ఒక పక్కకు తోసి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకుని వదిలేయాలి, వక్క బుగ్గన పెట్టుకున్నట్టు. ఆ చురుకు ఒకటి రెండు నిమిషాలు ఉండి నెమ్మదిగా చల్లారుతుంది. చల్లారాక మళ్ళీ రెండు మూడు సార్లు కొరకాలి, మళ్ళీ చుర్రుమనగానే ఈసారి రెండో బుగ్గకి. ఇలా అరగంట. అరగంటయ్యాక ఎంత నమిలినా చురుకు రాకపోతే అయిపోయినట్టు, కాగితంలో చుట్టి పారెయ్యాలి. ఉమ్మి వీలైనంత తక్కువ మింగాలి. మొదటి రెండు రోజులు ఫోన్‌లో టైం పెట్టుకుని చేశా, తర్వాత దవడకే అలవాటైపోయింది.

సిగరెట్ ఇచ్చే దెబ్బ గమ్ ఇవ్వదు, అది ఆశించొద్దు. పొగ పీల్చితే పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది, గమ్‌లో అది పూర్తిగా ఎక్కడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అదీ సిగరెట్టంత ఎత్తుకి వెళ్ళదు. అందుకే మనసు లాగినప్పుడు పెట్టుకుందాంలే అని కూర్చుంటే ఆలస్యమైపోతుంది, అది ఎక్కేలోపు మీరు పాన్ డబ్బా దగ్గర ఉంటారు. గడియారం చూసుకుని పెట్టుకోవాలి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకు 9కి తగ్గకుండా. తర్వాతి మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి. చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. మొత్తం 12 వారాలు. ఎంత వాడినా రోజుకు 24 దాటకూడదు. నాకు తెలిసిన ఒకతను రోజుకు రెండే నమిలి గమ్ పని చేయడం లేదంటాడు, 15 సిగరెట్లు కాల్చే మనిషికి రెండు గమ్ములు ఏ మూలకి? నేను మొదట్లో 10 దాకా వాడా. లేవగానే ఒకటి పెట్టుకుని, అరగంటయ్యాక నోరు పుక్కిలించి, అప్పుడు కాఫీ. కాఫీ కోసం ఆగడం మొదటి వారం చాలా కష్టమనిపించింది.

కాఫీ అంటే గుర్తొచ్చింది, ఇది ఎవరూ చెప్పరు. మానేసిన నాలుగో రోజు నుంచి నాకు చేతులు వణకడం, గుండె దడ, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టకపోవడం. గమ్ వల్లే అనుకుని ఆపేద్దామనుకున్నా. డాక్టర్ అడిగింది రోజుకు ఎన్ని కాఫీలు, టీలు అని. ఆరు. సిగరెట్ పొగలో ఉండే కొన్ని పదార్థాల వల్ల లివర్ కెఫీన్‌ని తొందరగా ఖర్చు చేసేస్తుంది, పొగ ఆగగానే ఆ వేగం పడిపోతుంది, కాబట్టి అవే ఆరు కప్పులు ఒంట్లో చాలా ఎక్కువసేపు ఉండిపోతాయి. సగానికి తగ్గించమన్నారు. మూడుకి దిగా, నాలుగు రోజుల్లో దడ పోయింది, నిద్ర వచ్చింది. నికోటిన్ మానడం వల్ల వచ్చే చిరాకుకి ఇది తోడై ఎంతమంది వెనక్కి పోయి ఉంటారో.

ఈ గమ్ ఎక్కడ పుట్టిందో చదివాక దాని మీద గౌరవం పెరిగింది. 1960లలో స్వీడన్ జలాంతర్గాముల్లో నావికులు నీళ్ళ కింద పొగ తాగడానికి వీల్లేక నోట్లో పెట్టుకునే పొగాకు వాడుతున్నారని, దాంతో సిగరెట్ లేకుండా నెట్టుకొస్తున్నారని లుండ్ యూనివర్సిటీలో క్లాయస్ లుండ్‌గ్రెన్ గమనించి, మందుల కంపెనీలో పని చేసే ఓవె ఫెర్నేకి చెప్పాడు. నికోటిన్‌ని రెసిన్ అనే పదార్థానికి అంటించి, నమిలితేనే ఊడేలా, నెమ్మదిగా వదిలేలా తయారు చేయడం అక్కడ మొదలైంది. 1978లో స్విట్జర్లాండ్‌లో అనుమతి వచ్చింది, 1984లో అమెరికాలో. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ ఉంది. పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఏ సాయమూ లేకుండా మానేవాళ్ళతో పోలిస్తే ఇలా నికోటిన్ సాయంతో మానే అవకాశం 50 నుంచి 60 శాతం ఎక్కువని తేలింది. అంటే గ్యారంటీ కాదు, అవకాశం ఒకటిన్నర రెట్లకు చేరుతుందంతే. నాకు ఆ మాత్రం చాలు.

ఇక చేతి సంగతి. గమ్‌తో ఒళ్ళు ఊరుకుంది, నిజం. కానీ సోమవారం పదకొండింటికి టీమ్ అంతా కిందికి దిగుతుంటే నేను సీట్లో కూర్చున్నా చూడండి, ఆ పదిహేను నిమిషాలు గడిచాయా అంటే గడవలేదు. నికోటిన్ కావాలని కాదు, చేతివేళ్ళకి ఏం చేయాలో తెలియలేదు. పెన్ను పట్టుకుంటే రెండు వేళ్ళ మధ్యకే పోతోంది. మొదట సోంపు ప్రయత్నించా, రెండు సెకన్ల పని. లవంగం నాలుక కాలుస్తుంది. లాలీపాప్ నాలుగు రోజులు తింటే పన్ను జివ్వుమంది. టూత్‌పిక్ కొరికితే చిగురు చీరుకుంది. ఒక స్నేహితుడు బయటి దేశం నుంచి తెచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ ఇస్తానన్నాడు, వద్దన్నా. అవి మన దేశంలో 2019 నుంచి నిషేధం, అదీకాక పొగలాంటిదాన్ని పీల్చే అలవాటునే కదా నేను వదిలించుకోవాలనుకుంది. పొగాకు లేని మూలికల సిగరెట్లని అమ్ముతారు, ఏ ఆకు కాల్చినా తారూ కార్బన్ మోనాక్సైడూ వస్తాయి. సిగరెట్ మానడానికి గుట్కా, ఖైనీ మొదలుపెట్టేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు, ఊపిరితిత్తుల నుంచి తీసి నోటికి తగిలించుకున్నట్టే.

దొరికింది మాత్రం అనుకోకుండా. ఊరి నుంచి నాన్న ఒక సంచిలో ఎండు వేరుశనక్కాయలు పంపాడు, పొట్టుతో సహా. రెండో వారంలో ఒకరోజు ఒక గుప్పెడు జేబులో పోసుకుని టీ బండి దగ్గరికి దిగా. బండి దగ్గర బాబాయ్ నన్ను చూడగానే అలవాటు కొద్దీ టీ గ్లాసుతో పాటు సిగరెట్ తీసి ముందుకు చాపాడు. "మానేశా బాబాయ్" అన్నా. ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి సిగరెట్ వెనక్కి పెట్టేసి, గ్లాసులో టీ కూడా తగ్గించి సగమే పోశాడు. "మరి చేతిలో ఏంటి?" అంటే చూపించా. కాయని బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని ముక్కు దగ్గర నొక్కితే టప్పుమని విచ్చుకుంటుంది. లోపల రెండు గింజలు, ఒక్కోసారి మూడు. గింజని అరచేతిలో వేసి బొటనవేలితో నలిపితే ఎర్రటి పొట్టు ఊడుతుంది, ఉఫ్ అని ఊదితే ఎగిరిపోతుంది. ఒకటి నోట్లో, మళ్ళీ ఇంకో కాయ. ఆ గుప్పెడు కాయలు ఒలుచుకుని తినడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది, ఒక సిగరెట్‌కి పట్టే టైం కంటే కాస్త ఎక్కువే. చేతులకి పని ఉంది, నోటికి పని ఉంది, ఊదడానికి ఊపిరి కూడా ఉంది. పక్కన ముగ్గురు పొగ వదులుతున్నా నాకు నిలబడడానికి ఒక కారణం దొరికింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పదకొండింటికి అదే. టీ పూర్తయ్యాక పావుగంట ఆగి నోరు కడుక్కుని అప్పుడు గమ్ పెట్టుకునేవాణ్ణి, అది మర్చిపోకూడదు.

మీకు కాయలే అక్కర్లేదు. జపమాల తిప్పుకునేవాళ్ళున్నారు, చిక్కుడుకాయలు ఈనెలు తీసేవాళ్ళున్నారు. నేను చెప్పేదొక్కటే, ఏ గంట దగ్గర చెయ్యి ఖాళీ అవుతుందో ముందే కాగితం మీద రాసుకుని, ఆ గంటకి ఒక పని సిద్ధంగా పెట్టుకోవాలి. భోజనం తర్వాతి సిగరెట్ స్థానంలో నేను ఆఫీసు చుట్టూ రెండు రౌండ్లు నడుస్తా. రాత్రిది పోయింది, ఆ టైంలో పాపతో చెస్ ఆడుతున్నా. ఇంకా కుదరనిది ఒక్కటే, ఊరెళ్ళేటప్పుడు హైవే మీద బస్సు ఆగినప్పుడు, ఇప్పటికీ కిందికి దిగను.

ఐదో వారంలో ఒకసారి జారాను. చుట్టాల పెళ్ళిలో, రాత్రి పూట, వరసకి బావ అయ్యేవాళ్ళ మధ్య ఒకటి కాల్చాను. సగం దాకా తలతిరుగుడు, నోరంతా చేదు, అయినా చివరి దాకా కాల్చాను. అంతా అయిపోయిందనుకుని పొద్దున క్విట్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఆ రోజు వేరే ఆయన మాట్లాడాడు. నాకు ధైర్యం చెప్పి, ఎప్పుడు ఎవరితో ఏ పరిస్థితిలో వెలిగించానో చెప్పించుకుని, ఇంకోసారి అలాంటి చోటికి వెళ్ళేటప్పుడు ముందే గమ్ బుగ్గన పెట్టుకుని వెళ్ళమన్నాడు. ఆ తర్వాత రెండు పెళ్ళిళ్ళకి వెళ్ళా, ఏ ఇబ్బందీ లేదు. ఒకటి కాల్చినంత మాత్రాన మళ్ళీ ప్యాకెట్ కొనాల్సిన పని లేదు, మొత్తం పోయినట్టు కాదు.

ఒంట్లో మార్పుల గురించి క్లుప్తంగా. మొదటి నెల దగ్గు తగ్గకపోగా పెరిగింది, ఊపిరితిత్తులు పేరుకున్న చెత్తని బయటికి నెట్టడం మొదలుపెడతాయి కాబట్టి, భయపడొద్దు. మూడో వారంలో ఒకరోజు లిఫ్ట్ దిగగానే ఎవరింట్లోనో పప్పులో వెల్లుల్లి తాలింపు వేసిన వాసన తెలిసింది, అక్కడే నిలబడిపోయా. అలాంటి వాసన నాకు ఎన్నేళ్ళుగా తెలియలేదో లెక్క లేదు. మూడు కిలోలు బరువు పెరిగా, మానేసినవాళ్ళకి మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. గుండె జబ్బు వచ్చే అదనపు ముప్పు ఏడాదికి దాదాపు సగానికి పడిపోతుందని డాక్టర్లు చెబుతారు, ఆ ఏడాది దాటి నేను రెండు నెలలు ముందుకొచ్చా.

డబ్బు లెక్క కూడా రాస్తా, గమ్ ఖరీదెక్కువ అనేవాళ్ళ కోసం. నాకు ఒక్కో గమ్ 12 రూపాయల లెక్కన పడింది. 12 వారాలకు మొత్తం 7,000 పైన అయింది. అదే 12 వారాలు రోజుకు 12 సిగరెట్లు, ఒక్కోటి 18 చొప్పున కాల్చి ఉంటే 18,000 దాటేది. ఆ 12 వారాల తర్వాత గమ్ ఖర్చు సున్నా.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రుచి. మింట్ అని పైన రాసి ఉన్నా ఐదు నిమిషాల తర్వాత మిరియం కలిపిన రబ్బరు నమిలినట్టు ఉంటుంది. మొదటి రెండు వారాలు దవడ నొప్పి పెట్టింది. 4 మిల్లీగ్రాములది మా దగ్గర అన్ని షాపుల్లో దొరకలేదు, ఒకసారి మూడు షాపులు తిరిగా. అన్నిటికంటే బాధ, లోపలి కాగితం మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి, నేను కొన్న వాటిలో ఒక్కదాని మీద కూడా తెలుగు లేదు. వాడే పద్ధతి తెలిస్తేనే పని చేసే మందు ఇది, ఆ పద్ధతిని నాలుగు వాక్యాల్లో తెలుగులో అచ్చేస్తే ఎంతమంది నిలబడతారు!

అందరికీ పనికొచ్చేది కూడా కాదు. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బీపీ అదుపులో లేనివాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. కట్టుడు పళ్ళున్నవాళ్ళకి, దవడ కీలు ఇబ్బంది ఉన్నవాళ్ళకి కష్టం, వాళ్ళు చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ గురించి అడగాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మామూలు గమ్ అనుకుని నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది, నేను బీరువాలో పైఅరలో పెట్టి తాళం వేసేవాణ్ణి, వాడేసిన గమ్ కూడా కాగితంలో చుట్టకుండా ఎక్కడా పడేయలేదు.

మా బావమరిది ఇరవై ఏళ్ళుగా కాలుస్తున్నాడు, రోజుకు ఒక ప్యాకెట్. నిన్న రాత్రి ఫోన్ చేసి, "బావా, నీ పద్ధతేదో నాకూ చెప్పు, వచ్చే శనివారం నుంచి మొదలుపెడతా" అన్నాడు. ముందు మూడు రోజులు కాగితం మీద గీతలు పెట్టమన్నా. 1800-11-2356 నంబరు పంపించా. ఎల్లుండి డాక్టర్ దగ్గరికి తోడు వెళ్తున్నా, ఊరి నుంచి ఇంకో సంచి కాయలు పంపమని నాన్నకి చెప్పా. మొదటి వారమంతా రోజూ పదకొండింటికి నేనే ఫోన్ చేసి పావుగంట మాట్లాడతానని వాడికి మాటిచ్చా.